చిల్లర పాఠాలు – 3: టోకెన్ని చదవడం

మొన్న రావులపాలెంలో అమలాపురం బస్సెక్కితే కండక్టర్ చిల్లర లేదని టికెట్ వెనకాల 8 అని రాసిచ్చాడు. కొత్తపేట దాటేదాకా నాకదే టెన్షన్, ఆయన మధ్యలో దిగిపోతే ఆ 8 ఇంకెవరిస్తారు? ఈ రోజు పాఠం ఇదే: సర్కారుది కాని చిల్లరకి పూచీ ఎవరు?

1862లో అమెరికా అంతర్యుద్ధం నడుమ జనం బంగారం, వెండి దాచేసుకున్నారు, ఆ తర్వాత సెంటు (డాలర్లో నూరో వంతు) బిళ్లలు కూడా కనపడకుండా పోయాయి. తపాలా బిళ్లలతో సరిపెట్టుకుందామంటే చెమట చేతులకి జిగురు అంటుకునేది. చివరికి కొట్లవాళ్లే రాగి బిళ్లలు అచ్చు కొట్టించి చిల్లరగా ఇచ్చారు, వాటినే టోకెన్లంటారు.

అలాంటి బిళ్ల (ఫొటో అయినా సరే) దొరికితే ముందు కొట్టు పేరు, ఊరు వెతకండి. ఉంటే అది స్టోర్ కార్డు. జెండా, నినాదం మాత్రమే ఉంటే పేట్రియాటిక్ అంటారు, అంటే మార్చి ఇమ్మని అడగడానికి మనిషే లేడు. పేరున్నా భరోసా లేదనుకోండి: న్యూయార్క్‌లో లిండెన్‌ముల్లర్ అనే బీరు కొట్టాయన సుమారు 10 లక్షల టోకెన్లు వదిలాడు, ఒక రైలు కంపెనీ తన దగ్గర పోగుపడినవన్నీ తీసుకెళ్తే మార్చనన్నాడు!

తర్వాత భూతద్దం. కొన్నిటి మీద ‘వన్ సెంట్’ అని పెద్దగా, దానిపైన ‘నాట్’ అని చీమ తలకాయంత ఉంటుంది. దొంగ నాణెం కేసు పడకుండా ఆ తెలివి, నాకైతే భలే నచ్చింది.

ఆఖర్న స్కేలు, తూకం. టోకెన్ అడ్డం సుమారు 19 మి.మీ., సర్కారు సెంటూ అంతే, కానీ అప్పటి సెంటు నికెల్ కలిపిన మందపాటి 4.67 గ్రాముల బిళ్ల, టోకెన్ పల్చన. 1864లో సర్కారు కూడా 3.11 గ్రాముల కంచు సెంటుకి దిగి, ఆ ఏడాదే ప్రైవేటు బిళ్లల్ని నిషేధించింది.

మన ఇళ్లలో దొరికే 1943 నాటి చిల్లుకాణీని టోకెన్ అనుకోకండి. అదీ యుద్ధకాలపు బిళ్లే, లోహం ఆదా చెయ్యడానికి నడుమ చిల్లు పెట్టారు, కానీ దాని మీద కిరీటం ఉంది చూడండి, అది సర్కారుది.

ఇంటిపని: పాత కాఫీ హోటల్ ఇత్తడి టోకెన్ ఒకటి సంపాదించి పేరు, ఊరు, అంకె రాసుకు రండి. చింతపండుతో మాత్రం తోమకండి, నేను తోమితే ఊరి పేరే పోయింది.