పదహారు బార్లలో చిలిపి పియానో పీస్

నెల్లూరు, ఒంగోలు ఇళ్లలో ఎక్కువగా కనిపించేది 61 కీల కీబోర్డే. ఈ పీస్‌కి అది చాలు. రిథమ్ ఆపేయండి, ట్రాన్స్‌పోజ్ (శ్రుతి మార్చే బటన్) సున్నాలో పెట్టండి. చర్చి పాటలన్నీ సి మేజర్‌లో వాయిస్తూ బటన్‌తో శ్రుతి మార్చే అలవాటు ఇక్కడ పనికిరాదు. జి మేజర్‌లో ఎఫ్‌షార్ప్ (ఎఫ్‌కి కుడిపక్క నల్ల కీ) ఎక్కడుందో వేలికే తెలియాలి.

2/4 తాళం, అంటే బార్‌కి రెండు బీట్లు. నిమిషానికి 100 క్రాచెట్ల వేగం, క్రాచెట్ అంటే ఒక బీట్.

కుడి బొటనవేలు మిడిల్ సి పైనున్న జి మీద ఉంచండి. మొదటి బార్ జి బి డి బి, నాలుగూ క్వేవర్లు (అర బీట్ స్వరాలు). రెండోది ఎ, విరామం, ఎ, విరామం. మూడోది ఎ సి డి సి. నాలుగోది బి, విరామం, బి, విరామం. ఇంతవరకూ చెయ్యి జరపక్కర్లేదు. 5, 6 బార్లలో మొదటి రెండే మళ్లీ వస్తాయి. ఏడులో బొటనవేలు ఎ మీదికి జరిపి ఎ సిషార్ప్ ఇ సిషార్ప్, ఎనిమిదిలో నాలుగో వేలితో డి ఒక క్రాచెట్, ఆపై విరామం. కర్ణాటక సంగీతం వచ్చినవారికైతే, జి షడ్జమంగా శంకరాభరణంలో ప్రతి మధ్యమం తొంగిచూసిందన్నమాట. పీస్ డి మేజర్ వైపు తిరిగేది ఆ సిషార్ప్ వల్లే.

ఎడమచేతికి మొదటి బీట్‌లో ఒక్క బేస్ స్వరం, రెండో బీట్‌లో మిడిల్ సి దగ్గర రెండు స్వరాలు. 1, 4, 5 బార్లకు జి, తర్వాత బి–డి కలిపి. 2, 3, 6కు డి, తర్వాత ఎఫ్‌షార్ప్–సి. ఏడుకు ఎ, తర్వాత జి–సిషార్ప్. ఎనిమిదికి డి, తర్వాత ఎఫ్‌షార్ప్–ఎ. పీస్ బరువెక్కేది ఇక్కడే. మూడు స్వరాలూ కలిపి ఒకేసారి కింది ఆక్టేవ్‌లో నొక్కితే స్వరాలు విడివిడిగా వినపడవు, మోతే మిగులుతుంది.

9వ బార్ నుంచి ప్రధాన బాణీ ఎడమచేతిది. రెండు బార్లు ఇ జి బి జి, పదకొండులో ఎ సి ఇ సి. కుడిచెయ్యి రెండో బీట్‌లో తక్కువ శబ్దంతో జి–బి, పదకొండులో ఎ–సి. పన్నెండులో ఎడమ డి, కుడి ఎఫ్‌షార్ప్–సి పట్టుకుని కాస్త ఆగండి. ఇక్కడ సి మామూలు సి. షార్ప్ అలాగే ఉంచేస్తే జి మేజర్‌కి తిరిగివచ్చిన భావం రాదు.

13, 14 బార్లు మళ్లీ మొదటి రెండే. పదిహేను పూర్తి నిశ్శబ్దం. పదహారులో రెండు చేతులూ జి, చాలా తక్కువ శబ్దంతో. చిలిపితనమంతా ఆ ఖాళీ బార్‌లోనే ఉంది, కానీ తొందరపడి దాన్ని సగంలో తెంచేస్తుంటారు. ‘ఒకటి, రెండు’ పైకే లెక్కపెట్టండి. పెడల్ మీద కాలు వద్దు. పద్నాలుగో బార్ శబ్దం ఖాళీలోకి పాకితే వినేవాళ్లకు అక్కడ విరామం ఉందనే తెలియదు.