రోటరీ ఇంజిన్ స్పోర్ట్స్ కారు రోజూ నడపడానికి పనికొస్తుందా? కొనేముందు ఎలా తేల్చుకోవాలి

మజ్దా అంటే మన దగ్గర చాలామందికి స్వరాజ్ మజ్దా వ్యాన్లే గుర్తొస్తాయి. మజ్దా కార్లను మన దేశంలో అధికారికంగా ఎప్పుడూ అమ్మలేదు. అయినా ఎవరో ఇష్టపడి దిగుమతి చేసుకున్న ఆర్‌ఎక్స్-8, అంటే మజ్దా వాళ్ళ రోటరీ ఇంజిన్ స్పోర్ట్స్ కారు, ఒకటీ అరా సెకండ్ హ్యాండ్‌లో కనిపిస్తుంటుంది. అలాంటిది మీ కంటపడి, రోజూ ఆఫీసుకి ఇందులోనే వెళ్తే ఎలా ఉంటుందన్న ఆలోచన మొదలైతే, అడ్వాన్స్ ఇచ్చే ముందు చూసుకోవాల్సినవి ఇవి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ కారు రోజువారీకి పనికొస్తుందా లేదా అన్నది కారు కంటే ముందు మీరు తిరిగే రూటే తేలుస్తుంది.

మొదట మీ రూటు చూసుకోండి

ఈ ఇంజిన్‌లో పిస్టన్లు, వాల్వులు ఉండవు. కోలగా ఉండే గదిలో మూడు మూలల రోటరు తిరుగుతుంది. ఒక్కో మూలకి ఒక సన్నటి లోహపు పట్టీ ఉండి, గోడని ఒరుసుకుంటూ సాగుతుంది. దాన్ని ఎపెక్స్ సీల్ అంటారు. సీళ్ళు బాగున్నంత కాలమే కంప్రెషన్, అంటే లోపల గాలీ పెట్రోలూ నొక్కుకునే ఒత్తిడి, నిలుస్తుంది. ఆర్‌ఎక్స్-8లో ఇలాంటి రోటర్లు రెండు. మొత్తం 1308 సీసీతోనే 230 హార్స్ పవర్ దరిదాపుల్లో ఇస్తుంది. 6 గేర్ల మాన్యువల్ అయితే 9000 ఆర్‌పీఎం దాకా హాయిగా లేస్తుంది. నడిపినవాళ్ళు దీన్ని మర్చిపోలేకపోవడానికి కారణం అదే.

ఇంజిన్ వేడెక్కకముందే ఆపేయడం దీనికి అస్సలు పడదు. చల్లగా ఉన్నప్పుడు పెట్రోల్ ఎక్కువ చల్లుకుంటుంది. అప్పుడే ఆపేస్తే ఆ పెట్రోల్ గోడల మీది ఆయిల్ పొరని కడిగేస్తుంది, కంప్రెషన్ పడిపోతుంది, మళ్ళీ సెల్ఫ్ కొట్టినా స్టార్ట్ కాదు. వాకిట్లో కళ్ళాపి చల్లడానికి కారు రెండడుగులు జరిపి ఆపడం, సెల్లార్‌లో వెనక కారు బయటికి తీయడానికి వాచ్‌మన్ మీ బండి పక్కన పెట్టడం, ఇవే దీనికి గండాలు. తాళం వాచ్‌మన్‌కి ఇవ్వకండి. ఒకవేళ అలా మొరాయిస్తే యాక్సిలరేటర్ పూర్తిగా నేలకి తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. అప్పుడు పెట్రోల్ ఆగి, లోపలున్నది బయటికి పోతుంది.

అందుకే ఊళ్ళోనే బ్రాడీపేట నుంచి అరండల్‌పేటకి, బెంజి సర్కిల్ నుంచి గవర్నర్‌పేటకి తిరగడానికే అయితే ఈ కారు వద్దు. గుంటూరు నుంచి బెజవాడకి రోజూ వెళ్ళొచ్చేవాళ్ళయితే సంగతి వేరు. కాజ టోల్ గేటు వచ్చేలోపు ఇంజిన్ పూర్తిగా వేడెక్కుతుంది. ఆ తర్వాత రోడ్డు ఖాళీగా ఉన్నచోట రెండో గేరులో ఏడెనిమిది వేల ఆర్‌పీఎం దాకా లాగండి, వేగం వంద దాటదు. లోపల పేరుకునే కార్బన్ వదలాలంటే ఇంజిన్‌ని అలా అప్పుడప్పుడూ పైకి లేపాలి. ఎప్పుడూ మెల్లగా నడిపితే దీనికి మంచి జరగదు.

కాగితాలు

మూడేళ్ళు దాటిన పాత కారుని మామూలుగా దిగుమతి చేసుకోనివ్వరు. ఆర్‌ఎక్స్-8 తయారీ 2012లోనే ఆగిపోయింది. కాబట్టి "ఇప్పుడే జపాన్ నుంచి తెప్పించాం" అని ఎవరైనా అంటే అక్కడే ఆగండి. కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి పత్రం)లోని ఛాసిస్ నంబరూ, ఆర్‌సీలో ఉన్నదీ, కారు మీద కొట్టిందీ ఒకటే కావాలి. కార్నెట్ (తాత్కాలికంగా బండి తెచ్చుకోవడానికి ఇచ్చే కస్టమ్స్ పత్రం) మీద వచ్చిన బండి కొంతకాలం తిరిగి వెనక్కి వెళ్ళిపోవాల్సినది, దాన్ని కొనకూడదు. వేరే రాష్ట్రం రిజిస్ట్రేషన్ అయితే ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్, 15 ఏళ్ళు దాటితే రెన్యువల్ ఖర్చు కలుపుకోండి.

కంప్రెషన్ టెస్ట్

అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. పెయింట్ మెరుపు, సీటు లెదరు, ఓడోమీటర్ అంకె, ఏవీ దీని ముందు నిలవవు. రోటరీకి ప్రత్యేకమైన మీటరు ఉంటుంది. ఒక్కో రోటరుకి మూడు ముఖాలు కాబట్టి మొత్తం ఆరు అంకెలు ఇస్తుంది. 250 ఆర్‌పీఎం దగ్గర కొత్త ఇంజిన్‌కి 830 కిలోపాస్కల్స్ రావాలి. 680 కంటే తగ్గితే ఇంజిన్ విప్పే సమయం వచ్చినట్టే. ఒకే రోటరు ముఖాల మధ్య తేడా 150 దాటకూడదు.

ఆ మీటరు దొరక్కపోతే మామూలు గేజీతోనే కొంత తెలుస్తుంది. గేజీ లోపలుండే చిన్న వాల్వు తీసేయాలి, లేకపోతే అది మూడింట్లో ఎక్కువదాన్నే పట్టి చూపిస్తుంది. ఇంజిన్ వేడిగా ఉండాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి, ఫ్యూయల్ రాకుండా ఆపాలి. ఒక ప్లగ్గు తీసి గేజీ బిగించి సెల్ఫ్ కొట్టండి. ముల్లు ఒకే ఎత్తుకి మూడు దెబ్బలు కొట్టాలి. రెండు గట్టిగా కొట్టి మూడోది నీరసంగా ఉంటే సీలు పోయినట్టు లెక్క. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. రెండో రోటరుకి కూడా చేయించండి.

తర్వాత అరగంట నడిపి, ఆపి, పది నిమిషాలాగి మళ్ళీ స్టార్ట్ చేయండి. ఇది మిట్టమధ్యాహ్నం చేస్తే మంచిది. కంప్రెషన్ తగ్గిన రోటరీ ఇంజిన్ వేడి మీదే ముందు మొండికేస్తుంది.

మన ఎండ, మన వాన

డాష్‌బోర్డు మీది టెంపరేచర్ ముల్లుని నమ్మకండి. ఇంజిన్ వేడి చాలా తేడాగా మారుతున్నా అది మధ్యలోనే కూర్చుంటుంది. అది కదిలేసరికి ఆలస్యమైపోయి ఉంటుంది. ఓబీడీ పోర్టుకి (కారు కంప్యూటర్ లెక్కలు చదివే సాకెట్) చిన్న రీడర్ పెట్టి అసలు డిగ్రీలు చూసుకోండి. రోహిణీ కార్తెలో ఏసీ వేసుకుని వారధి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు కాబట్టి రేడియేటరు, ఫ్యాన్లు, ముందు బంపర్ వెనకుండే ఆయిల్ కూలర్లు శుభ్రంగా ఉండాల్సిందే.

ప్లగ్గులకి కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిల్స్ నాలుగు. ఒకటి బలహీనపడితే మండని పెట్రోల్, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది, కన్వర్టర్ కరిగి మూసుకుపోతుంది, ఆ వేడి తిరిగి ఇంజిన్‌నే తినేస్తుంది. అందుకే కాయిల్స్ సెట్టుగా మార్చి, ఒక సెట్టు ఇంట్లో ఉంచుకోవాలి. ప్లగ్గులు కూడా రెండు రకాలు, పైవి కింద పెట్టకూడదు. ఆటోనగర్ మేస్త్రీలు సస్పెన్షన్, బాడీ, రేడియేటర్ పని ఏ బండికైనా చక్కగా చేస్తారు. రోటరు విప్పే పని మాత్రం ఇంతకుముందు చేసినవాళ్ళకే ఇవ్వండి.

బండి బాగా కిందికి ఉంటుంది. కాలనీ స్పీడ్ బ్రేకర్లు ఏటవాలుగా ఎక్కించాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి సింగ్‌నగర్ వైపు ఎన్ని కార్లు మునిగాయో చూశాం. ఏ బండైనా సీటు బెల్టు చివరిదాకా లాగి బురద చార ఉందేమో చూడండి.

నెల ఖర్చు

మైలేజీ సిటీలో 7, హైవే మీద 9 కిలోమీటర్లు వస్తే సరిగ్గా ఉన్నట్టే. గుంటూరు–బెజవాడ రానూపోనూ 70 కిలోమీటర్లు, సగటున 8 వేసుకున్నా దాదాపు 9 లీటర్లు. లీటరు 110 లెక్కన రోజుకి వెయ్యి రూపాయలకి కాస్త అటూ ఇటూ, 25 రోజులకి 24 వేలు దాటుతుంది. పైగా పాత బజాజ్ చేతక్‌లో పెట్రోల్‌తో పాటు ఆయిల్ పోయించుకున్నట్టే, ఈ ఇంజిన్ కూడా సీళ్ళ కోసం ఆయిల్‌ని కొంచెం కొంచెంగా కాల్చుకుంటుంది. అది లోపం కాదు, తయారీయే అంత. రెండుసార్లు ట్యాంకు నింపేలోపు ఒకసారైనా డిప్‌స్టిక్ చూడాలి. ఇంకొకటి, ఈ కారు 10 శాతం ఇథనాల్ వరకే తయారైంది, ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం. ఫ్యూయల్ పైపులు, రబ్బరు సీళ్ళు ఏటా చూపించండి.

ఇంట్లో రెండో బండి ఉండి, రోజూ హైవే మీద తిరిగేవాళ్ళయితే ధైర్యంగా బేరానికి దిగొచ్చు. ఇంజిన్ రీబిల్డ్‌కి కొటేషన్ కాగితం మీద తీసుకుని, అందులో సగమైనా ధరలోంచి తగ్గించమని అడగండి. కంప్రెషన్ టెస్ట్‌కి ఒప్పుకోని ఓనరు దగ్గర మాత్రం బేరం ఆడొద్దు.