ఒక్కరే బోర్డు డిజైన్ చేసేవాళ్లు పీసీబీ సాఫ్ట్‌వేర్ ఎలా ఎంచుకోవాలి?

స్కీమాటిక్ (సర్క్యూట్ బొమ్మ) గీసేది మీరే, లేఅవుట్ (బోర్డు మీద భాగాలు, రాగి దారులు అమర్చడం) చేసేది మీరే, సోల్డర్ పట్టుకునేది మీరే, పొగ వస్తే ప్లగ్ పీకేదీ మీరే. ఇలా పనిచేసే మనిషికి పదిమంది టీమ్ కోసం తయారైన ఫీచర్ల పట్టికతో పని లేదు. ఆ పట్టికలు పక్కన పెట్టి ఇలా వెళ్లండి.

1. ముందు బోర్డు, తర్వాత సాఫ్ట్‌వేర్

మీకు బాగా తెలిసిన సర్క్యూట్ ఒకటి పట్టుకోండి. నేనైతే ట్యాంకు నిండగానే మోటారు ఆపే బోర్డు తీసుకుంటాను: ఒక ఈఎస్‌పీ32 మాడ్యూల్ (బోర్డుకి మెదడు), 3.3 వోల్టుల రెగ్యులేటర్, రిలే (మోటారును ఆన్, ఆఫ్ చేసే స్విచ్), దాన్ని నడిపే ట్రాన్సిస్టర్, స్క్రూ టెర్మినళ్లు. బోర్డు పైనే అతికే చిన్న ఎస్ఎండీ భాగాలూ ఉన్నాయి, కాళ్లున్నవీ ఉన్నాయి, ఒక పక్క 230 వోల్టులూ ఉన్నాయి. ఎల్ఈడీ వెలిగించే బోర్డుతో చూస్తే ఏ సాఫ్ట్‌వేరైనా బాగానే కనిపిస్తుంది.

2. ఉచితం ఎక్కడ ఆగుతుందో చూడండి

డిప్‌ట్రేస్ ఉచిత వెర్షన్ 300 పిన్నులు, 2 సిగ్నల్ లేయర్ల వరకే. ఆటోడెస్క్ ఫ్యూజన్ పర్సనల్ లైసెన్స్‌లో బోర్డు 80 చదరపు సెంటీమీటర్లు దాటకూడదు. నిలువు 10, అడ్డం 10 వేసుకుంటేనే 100 అయిపోయింది! కీకాడ్‌కి ఇలాంటి హద్దుల్లేవు. ఓపెన్ సోర్స్ కాబట్టి అమ్ముకునే బోర్డులకు కూడా రూపాయి కట్టక్కర్లేదు. ఆల్టియం గొప్పదే, ఖరీదూ గొప్పదే. క్లయింట్ ఆ ఫైలే కావాలని పట్టుబట్టి, డబ్బు కూడా ఇస్తేనే అటు చూడండి.

3. రేపు అది మూతపడితే?

ఈగిల్ 1988 నుంచి ఉన్న సాఫ్ట్‌వేర్. ఎంతోమంది దాంతోనే పని నేర్చుకున్నారు. ఆటోడెస్క్ దాన్ని 2016లో కొంది, 2026 జూన్ 7తో అమ్మకం, సపోర్ట్ ఆపేస్తామని ప్రకటించింది. కాబట్టి ఫైళ్లు మీ కంప్యూటర్లో ఉంటాయా, వేరే సాఫ్ట్‌వేర్ వాటిని తెరుస్తుందా అని ముందే చూసుకోండి. కీకాడ్ ఫైళ్లు మామూలు టెక్స్ట్, నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదవొచ్చు. ఈగిల్ ఫైళ్లను కూడా ఇది ఇంపోర్ట్ చేసుకుంటుంది.

4. రెండు మిగిల్చుకోండి

నా లెక్కలో మిగిలేవి కీకాడ్, ఈజీఈడీఏ. ఈజీఈడీఏ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. పాత లాప్‌టాప్ ఉన్నవాళ్లకు, ఈ వారంలోనే బోర్డు కావాలనుకునేవాళ్లకు సుఖం. బోర్డులు చేసే జేఎల్‌సీపీసీబీ, భాగాలు అమ్మే ఎల్‌సీఎస్‌సీలతో కలిసి ఉంటుంది కాబట్టి పార్ట్ వెతికితే సింబల్ (స్కీమాటిక్‌లో దాని గుర్తు), ఫుట్‌ప్రింట్ (బోర్డు మీద దాని కాళ్లు కూర్చునే అచ్చు), ధర ఒకేచోట దొరుకుతాయి. అయితే అది మిమ్మల్ని ఆ షాపు వైపే నడిపిస్తుంది. షిప్పింగ్, కస్టమ్స్ కలిపాక ఆ ధర అదే ధర కాదు. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న భాగాలతో బోర్డు చేసేవాళ్లకు ఈ లాభం పెద్దగా కలిసిరాదు. కీకాడ్ మొదటి రెండు వారాలు చిరాకు పెడుతుంది, డౌన్‌లోడే ఒక జీబీ దాటుతుంది. అయినా ఏళ్ల తరబడి ఇదే పని చేయాలనుకుంటే నా ఓటు దానికే.

5. ఫుట్‌ప్రింట్ దగ్గర కాసేపు ఆగండి

బోర్డులు చెడేది ఎక్కువగా ఇక్కడే. ఒకసారి రిలే డ్రైవర్‌కి లైబ్రరీలో దొరికిన ట్రాన్సిస్టర్ పెట్టి 20 బోర్డులు చేయించాను. చేతిలో ఉన్నది బీసీ547, చదును వైపు మనకు పెడితే దాని కాళ్లు కలెక్టర్, బేస్, ఎమిటర్. నేను తీసుకున్న ఫుట్‌ప్రింట్ 2ఎన్3904ది, అది సరిగ్గా తిరగేసి ఉంటుంది. ఒక్క రిలే కూడా టిక్కుమనలేదు. ట్రాన్సిస్టర్లను వెనక్కి తిప్పి పెట్టి బయటపడ్డాను. అదే ఎస్ఎండీ అయ్యుంటే తిప్పడం కూడా కుదిరేది కాదు.

అందుకే రెండు సాఫ్ట్‌వేర్లలోనూ ఈ పరీక్ష చేయండి. మీ రిలేకి సొంతంగా ఒక ఫుట్‌ప్రింట్ గీయండి, ఎంతసేపు పట్టిందో చూడండి. లేఅవుట్‌ని కాగితం మీద అసలు సైజులో ప్రింట్ తీసి, రిలే కాళ్లు గుచ్చి చూడండి. 0603 రెసిస్టర్ కూడా పెట్టి చూడండి. మనం వాడే 0603 (అంగుళాల లెక్కలో) అంటే 1.6 × 0.8 మిల్లీమీటర్లు, మెట్రిక్‌లో అదే అంకె 0.6 × 0.3. కీకాడ్ ఫుట్‌ప్రింట్ పేరులోనే రెండు కొలతలూ రాసి ఈ తికమక తప్పించింది.

6. 230 వోల్టుల రూల్ పెట్టండి

రిలే కాంటాక్టుల నెట్‌లకు (కలిసే కనెక్షన్లకు) వేరే క్లాస్ పెట్టి, మిగతా రాగికి దూరం 6 మిల్లీమీటర్లని ఇవ్వండి (నేను అంతకు తగ్గనివ్వను). తర్వాత కావాలనే ఒక ట్రాక్ దగ్గరగా గీసి డీఆర్‌సీ (రూల్స్ తప్పాయా అని సాఫ్ట్‌వేర్ చేసే తనిఖీ) నడపండి. తప్పు ఎక్కడుందో అది వేలు పెట్టి చూపించాలి. ఆ రూల్ పెట్టే చోటు వెతకడానికే అరగంట పట్టిందంటే ఆ సాఫ్ట్‌వేర్ మీకు సరిపడదు.

7. గెర్బర్ తీసి బయట తెరవండి

గెర్బర్ ఫైళ్లను (బోర్డు తయారీకి ఫ్యాక్టరీకి పంపేవి) అదే సాఫ్ట్‌వేర్‌లో కాకుండా వేరే వ్యూయర్‌లో తెరిచి చూడండి. రంధ్రాలు చెప్పే డ్రిల్ ఫైల్ వచ్చిందా? బోర్డు అంచు గీత ఉందా? కీకాడ్‌లో గెర్బర్లకు ఒక బటన్, డ్రిల్‌కి ఇంకో బటన్. రెండోది మర్చిపోయి జిప్ పంపితే ఫ్యాక్టరీ నుంచి మెయిల్ వస్తుంది, ఒక రోజు పోతుంది.

ఎంచుకున్నాక, బోర్డు మధ్యలో ఉండగా అప్‌డేట్ కొట్టొద్దు. కొత్త కీకాడ్‌లో సేవ్ చేసిన ఫైల్‌ని పాతది తెరవదు. ప్రాజెక్ట్ ఫోల్డర్ కాపీ పక్కన పెట్టుకుని, ఈ బోర్డు పంపేశాక అప్‌డేట్ చేసుకోండి.