4కె డిస్కులకు మారే ముందు ఈ జాగ్రత్తలు

పాత బ్లూ-రే ప్లేయర్‌లో 4కె అల్ట్రా హెచ్‌డీ డిస్కు ఆడదు, కొత్త ప్లేయర్ కావాల్సిందే. మన పాత డీవీడీలు, బ్లూ-రేలు మాత్రం కొత్తదానిలోనూ ఆడతాయి కాబట్టి వాటిని తొందరపడి ఎవరికీ ఇచ్చేయకండి.

□ అన్నిటికంటే ముందు రిసీవర్ (ప్లేయర్ నుంచి బొమ్మను టీవీకి, సౌండ్‌ను స్పీకర్లకు పంపే పెట్టె) చూడండి. ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. టీవీ, రిసీవర్ రెండూ హెచ్‌డీసీపీ 2.2కు (డిస్కును కాపీ చేయకుండా అడ్డుకునే రక్షణ పద్ధతి) సపోర్ట్ చేయాలి. రిసీవర్ చేయకపోతే బొమ్మ అసలు రాకపోవచ్చు, లేదా 4కెలో రాదు. అంతమాత్రాన టెన్షన్ పడి మంచి రిసీవర్‌ని మార్చేయక్కర్లేదు. రెండు హెచ్‌డీఎంఐ అవుట్‌లున్న ప్లేయర్ కొని, ఒకటి టీవీకి, ఇంకోటి ఆడియో కోసం రిసీవర్‌కి కలిపితే సరిపోతుంది.

□ హెచ్‌డీఎంఐ కేబుల్ 18 జీబీపీఎస్‌ది (సెకనుకు 18 గిగాబిట్ల వేగం) ఉండాలి. తెర మీద మిణుకుమిణుకుమంటూ తెల్లచుక్కలు కనిపిస్తే మొదట అనుమానించాల్సింది దాన్నే.

□ చాలా టీవీల్లో హెచ్‌డీఎంఐ పోర్టుకు పూర్తి సిగ్నల్ సెట్టింగ్ విడిగా ఆన్ చేయాలి. ఇది మర్చిపోతే హెచ్‌డీఆర్ (వెలుగునీడల్ని, రంగుల్ని మరింత బాగా చూపే పద్ధతి) రంగులు రావు.

□ 4కె డిస్కులకు రీజియన్ కోడ్ (ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడాలో పెట్టే కట్టడి) లేదు. కానీ అదే పెట్టెలో వచ్చే మామూలు బ్లూ-రేకు ఉండొచ్చు.

□ ఉన్న సినిమాలన్నీ మళ్లీ కొనకండి. కొన్ని 4కె డిస్కులు 2కె మాస్టర్ (తక్కువ స్పష్టత ఉన్న మూల కాపీ) నుంచి పెంచినవే. ఫిల్మ్ నెగెటివ్‌ని కొత్తగా స్కాన్ చేసి తెచ్చినవాటికే నా ఓటు. చీకటి సీన్‌లో చొక్కా నేత కూడా కనిపిస్తుంది.

□ డిస్కు తుడిచేటప్పుడు మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు, గుండ్రంగా వద్దు.