వాటర్ కూలింగ్ పాఠాలు - 6: వేడి ఎక్కడ ఆగిపోయింది?

పోయిన పాఠంలో కంప్యూటర్‌ను చల్లబరిచే లూప్‌లో, అంటే పంపునూ బ్లాక్‌నూ రేడియేటర్‌నూ ట్యూబులతో కలిపిన వలయంలో, నీళ్లు నింపి, అడుగున కాగితపు రుమాళ్లు పరిచి, పంపును ఒక రోజంతా తిప్పి, ఎక్కడా కారడం లేదని తేల్చుకున్నాం. ఆ తర్వాత కొన్ని నెలలు అంతా బాగానే నడిచిందనుకుందాం. ఇప్పుడు ప్రాసెసర్ 90 డిగ్రీల దగ్గర తచ్చాడుతోంది. ఇలాంటప్పుడు చాలామంది ముందుగా ప్రాసెసర్‌కూ దాని మీది బ్లాక్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్ కొత్తది కొంటారు, అది పనిచేయకపోతే ఇంకో రేడియేటర్ కొంటారు. ప్రస్తుతానికి రెండూ వద్దు. ఒక థర్మామీటర్, ఒక కాగితం, అరగంట ఓపిక ఉంటే చాలు.

అసలు అది జబ్బేనా అన్నది ముందు చూడాలి. ఏఎండీ రైజెన్ 9 7950ఎక్స్ పూర్తి పనిలో 95 డిగ్రీల దాకా వెళ్లి అక్కడే ఉండేలా తయారైన ప్రాసెసర్. మీరు ఎంత చల్లబరిచినా, మిగిలిన వెసులుబాటును వేగం పెంచుకోవడానికి వాడుకుంటుంది. ఇంటెల్ కోర్ ఐ9-13900కె విషయం వేరు. అది వాడే కరెంటుకు గరిష్ఠ పరిమితి 253 వాట్లని ఇంటెల్ చెబుతుంది కానీ, ఆ హద్దును చెప్పాపెట్టకుండా ఎత్తేసిన మదర్‌బోర్డులు ఎన్నో ఉన్నాయి. అందుకని డిగ్రీలతో పాటు వాట్లు కూడా రాసుకోండి. బయాస్‌లో, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, ఏదైనా మార్చిన మర్నాడే వేడి పెరిగితే నీళ్లను అనుమానించి ప్రయోజనం లేదు.

వాట్లు మారలేదు, వేడి మాత్రం పెరిగింది. అసలు పాఠం ఇక్కడ మొదలవుతుంది.

ప్రాసెసర్‌లో పుట్టిన వేడి రెండు గడపలు దాటాలి. మొదటిది ప్రాసెసర్ నుంచి, దాని మీద బిగించిన రాగి బ్లాక్ ద్వారా నీళ్లకు, రెండోది నీళ్ల నుంచి, రేడియేటర్ ద్వారా గది గాలికి. ఏ గడప దగ్గర ఆగిందో తెలియాలంటే మూడు అంకెలు కావాలి: గది వేడి, నీళ్ల వేడి, ప్రాసెసర్ వేడి. నీళ్ల కోసం ట్యూబు కొస బిగించే ఫిట్టింగ్‌లాగే లూప్‌లో బిగించే సెన్సర్లు దొరుకుతాయి. అది లేకపోతే చేపల తొట్టెలో వాడే తీగ థర్మామీటర్‌ను రిజర్వాయర్ (లూప్ నీళ్ల తొట్టె) మూతలోంచి దించినా సరిపోతుంది. గది వేడిని రేడియేటర్ గాలి పీల్చుకునే చోట కొలవండి, గోడ దగ్గర కాదు.

నీళ్ల వేడి ఒక్కచోట కొలిస్తే చాలా? చాలు. లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే దాదాపు 4,180 జౌళ్ల శక్తి కావాలి. నిమిషానికి ఒక లీటరు పారే లూప్‌లో 200 వాట్ల ప్రాసెసర్‌ను దాటి వచ్చిన నీళ్లు మూడు డిగ్రీలు కూడా పెరగవు. ప్రాసెసర్ దాటాక నీళ్లు వెళ్లాల్సింది రేడియేటర్‌కు ముందా, గ్రాఫిక్స్ కార్డుకు ముందా అని రాత్రంతా వాదించుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే హాయిగా నిద్రపోతారు.

ఇప్పుడు ప్రాసెసర్‌కు పూర్తి పని ఇచ్చి 20 నిమిషాలు ఆగండి. నీళ్లు మెల్లగా వేడెక్కుతాయి కాబట్టి రెండు నిమిషాల పరీక్ష ఏమీ చెప్పదు. అయితే ఆ మొదటి క్షణాల్లోనూ ఒక కబురు ఉంటుంది. పని మొదలైన రెండు మూడు సెకన్లలోనే అంకె 50 నుంచి 88కి ఎగిరితే అడ్డం మొదటి గడప దగ్గరే ఉంది, ఎందుకంటే అప్పటికి నీళ్లకు వేడెక్కే సమయమే లేదు. పావుగంట పాటు కొద్దికొద్దిగా పైకి పాకితే రెండో గడపను చూడాలి.

రెండో గడప సంగతి త్వరగా తేలుతుంది. నీళ్లకూ గదికీ మధ్య తేడా 10 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టే. మే నెలలో విజయవాడ ఇంట్లో గది 36 ఉంటే నీళ్లు 46 ఉండడం తప్పు కాదు. ఎన్ని రేడియేటర్లు పెట్టినా నీళ్లు గదికంటే చల్లబడవు. తేడా 20 దాటితే క్యాబినెట్ పక్క తలుపు తీసి మళ్లీ కొలవండి. నాలుగైదు డిగ్రీలు తగ్గితే గాలి ఆడక ఉక్కపోస్తోందన్నమాట. తగ్గకపోతే రేడియేటర్ రేకుల్లో దుమ్ము, తిరగబడిన ఫ్యాన్, తిరగని ఫ్యాన్ చూడండి.

ఇక మొదటి గడప. నా సొంత కంప్యూటర్ అంకెలే చెబుతాను. రైజెన్ 9 5900ఎక్స్, 142 వాట్లు. కొత్తలో గది 30, నీళ్లు 38, ప్రాసెసర్ 70. ఏడాదిన్నర తర్వాత గది 30, నీళ్లు 38, ప్రాసెసర్ 89. రేడియేటర్ తన పని తాను చక్కగా చేస్తోంది. నీళ్లకూ ప్రాసెసర్‌కూ మధ్య 32 ఉండాల్సిన తేడా 51 అయింది. అయినా నేనూ ముందు పేస్టే మార్చాను. బ్లాక్ ఎత్తి చూస్తే పాత పేస్ట్ అచ్చు నాలుగు మూలలా సమానంగా, పల్చగా పడి ఉంది. అది చూసైనా ఆగాల్సింది. ఒక పక్క మందంగా, ఇంకో పక్క పల్చగా ఉంటేనే బిగింపు వంకరగా ఉన్నట్టు. అప్పుడు మరలను ఎదురెదురు మూలల్లో అరచుట్టు చొప్పున బిగించుకుంటూ పోవాలి. కొత్తగా కట్టిన కంప్యూటర్ అయితే రాగి పలక మీద ప్లాస్టిక్ పొర ఒలిచారో లేదో కూడా చూడండి. నవ్వకండి, ఒలవనివాళ్లను ఇద్దరిని చూశాను.

పేస్ట్ మార్చినా 88 దగ్గరే ఉంది. రిజర్వాయర్‌లో మునుపు సుడులు తిరిగే నీళ్లు నింపాదిగా కదులుతున్నాయి. పంపు చక్రం వేగం మాత్రం తగ్గలేదు. పంపు తిరగడం వేరు, నీళ్లు పారడం వేరు.

లూప్ ఖాళీ చేసి బ్లాక్ విప్పాను. విప్పే ముందు ప్రతి పొరనూ ఫోనులో ఫొటో తీసుకోండి, లోపల నీళ్లను చిమ్మే జెట్ ప్లేట్‌ను తిరగేసి పెడితే మళ్లీ మొదటికొస్తారు. రాగి పలక నడుమ పేనుదువ్వెన పళ్లకన్నా సన్నని గాళ్లు వరుసగా ఉంటాయి. వాటి సందులు సగానికి పైగా తెల్లటి జిగురుతో పూడిపోయాయి. గోటితో గీస్తే కొవ్వొత్తి మైనంలా చుట్టుకుని వచ్చింది. పారదర్శకమైన మెత్తటి ట్యూబులకు మెత్తదనం ఇచ్చే రసాయనం వేడి నీళ్లలోకి ఊరి, ఇరుకైన చోట పేరుకుంటుంది. అడిగితే, ట్యూబులు అమ్మినవాళ్లు కూలెంట్‌ది, అంటే లూప్‌లో పోసిన ద్రవానిది, తప్పన్నారు. ట్యూబు లోపల వేలు పెడితే అదే జిగురు.

గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు, మెత్తటి పాత టూత్‌బ్రష్, గాళ్ల వెంటే తోమడం, అడ్డంగా కాదు. ఉక్కు బ్రష్ జోలికి పోవద్దు. నికెల్ పూత ఉన్న బ్లాక్‌ను వెనిగర్‌లో నానబెట్టవద్దు, పూత లేచిపోవచ్చు. చివరగా డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడిగి, రబ్బరు రింగు గాడిలో సరిగ్గా కూర్చుందని చూసి మూయాలి. నింపాక క్యాబినెట్‌ను నాలుగు వైపులా వంచి బుడగలు పోగొట్టండి. పంపు మాత్రం ఒక్క నిమిషం కూడా నీళ్లు లేకుండా తిరగకూడదు, దాని బేరింగ్‌కు నూనె ఆ నీళ్లే.

మళ్లీ కొలిస్తే గది 30, నీళ్లు 38, ప్రాసెసర్ 71.

వచ్చే పాఠంలో ట్యూబులు మారుద్దాం. ఆలోపు మీ మూడు అంకెలూ, వాట్లూ ఒక చీటీ మీద రాసి, తేదీ వేసి, పక్క తలుపు లోపల అంటించి ఉంచండి.