పుట్టినరోజుకు, పండుగకు సినిమా సన్నివేశాన్ని కానుకగా పంపే పద్ధతి

సన్నివేశం కోసం ఇంటర్నెట్‌లో వెతకడానికి ముందు, దాన్ని ఎవరికి పంపదలచుకున్నామో ఆ మనిషిని ఒక్కసారి తలచుకోవాలి. ఏ సినిమా గురించి చెప్పేటప్పుడు ఆయన చేతులు తిప్పుతూ నటించి చూపిస్తారు, ఏ సంభాషణ సందర్భం ఉన్నా లేకపోయినా ఆయన నోట వస్తూ ఉంటుంది, మనమిద్దరం పక్కపక్కన కూర్చుని చూసిన సినిమాలేవి అనే మూడు ప్రశ్నలకు జవాబులు రాసుకుంటే, పంపవలసిన సన్నివేశం సాధారణంగా ఆ కాగితం మీదే దొరుకుతుంది. ఒక్క ప్రశ్నకైనా జవాబు తట్టకపోతే, ఆ మనిషికి సన్నివేశం పంపడం కన్నా ఫోను చేసి మాట్లాడటమే మేలని నా అభిప్రాయం.

పుట్టినరోజుకు పుట్టినరోజు సన్నివేశమే కావాలనుకోవడం చాలామంది చేసే పొరపాటు. కథలు రాసేవారికి పుట్టినరోజు వేడుక పాత్రలన్నింటినీ ఒకే గదిలోకి చేర్చే సాకు. అందరూ చేరాక దాచిన రహస్యం బయటపడుతుంది, రావలసినవాడు రాడు, లేదా రాకూడనివాడు వచ్చి నిలబడతాడు. అటువంటి సన్నివేశంలో శుభాకాంక్షలకు పనికివచ్చే భాగం పది సెకన్లు ఉంటే గొప్ప. ఇంగ్లీషు సినిమాల్లో మరో చిక్కు కూడా ఉండేది. లోకమంతా పాడే పుట్టినరోజు పాట మీద తనకు హక్కులున్నాయంటూ ఒక సంగీత ప్రచురణ సంస్థ ఏళ్ల తరబడి రుసుము వసూలు చేస్తూ వచ్చినందువల్ల, ఆ ఖర్చు ఎందుకనుకున్న నిర్మాతలు పాత్రల చేత వేరే పాట పాడించడమో, పాట అందుకునేలోపే సన్నివేశాన్ని మార్చేయడమో చేసేవారు. ఆ హక్కు చెల్లదని అమెరికా ఫెడరల్ న్యాయమూర్తి ఒకరు 2015 సెప్టెంబరులో తీర్పు చెప్పగా, 2016లో 1.4 కోట్ల డాలర్ల పరిష్కారంతో వ్యవహారం ముగిసింది. ఇన్ని చిక్కులున్న వేడుక సన్నివేశాలను పక్కనపెట్టి, ఆ మనిషి ఈ ఏడాది బతికిన బతుక్కు దగ్గరగా ఉన్నదాన్ని వెతకాలి. కొత్త ఉద్యోగంలో చేరినవాడికి కథానాయకుడు మొదటిరోజు తడబడి అందరినీ నవ్వించే సన్నివేశం పంపవచ్చు. దూరదేశం నుంచి తిరిగివచ్చినవారికి రైలు దిగే సన్నివేశం పంపవచ్చు.

పండుగల విషయంలోనూ తెర మీద ఆ పండుగ కనిపించి తీరాలన్న నియమం లేదు, ఎందుకంటే సినిమాకూ పండుగకూ ముడి పడేది చాలావరకు అలవాటు వల్లనే. ఫ్రాంక్ కాప్రా తీసిన ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ కథ క్రిస్మస్ ముందురోజు రాత్రి ముగుస్తుంది గాని, 1946లో విడుదలైనప్పుడు అది పెట్టిన డబ్బు రాబట్టుకోలేకపోయింది. 1974లో దాని కాపీరైటును ఎవరూ పునరుద్ధరించుకోకపోవడంతో టీవీ కేంద్రాలు రుసుము కట్టనక్కరలేదని ఏటా డిసెంబరులో దాన్ని వేయడం మొదలుపెట్టాయి. చూడగా చూడగా అది ఆ పండుగ సినిమాగానే స్థిరపడిపోయింది. ఇళ్లలోనూ ఇదే జరుగుతుంది. పండుగతో ఏ సంబంధమూ లేని ఒక హాస్య సన్నివేశాన్ని మూడేళ్లు వరుసగా అదే రోజున పంపి చూడండి, నాలుగో ఏడు అది రాకపోతే ఎదుటివారే అడుగుతారు. తేదీని పట్టుకుని వెళ్లడం మరో దారి. 1989లో వచ్చిన ‘బ్యాక్ టు ద ఫ్యూచర్’ రెండో భాగంలో పాత్రలు 2015 అక్టోబరు 21వ తేదీకి ప్రయాణం చేస్తాయి. ఆ తేదీ నిజంగానే వచ్చిన రోజున అభిమానులు దాన్నొక వేడుకగా జరుపుకున్నారు. మనకిష్టమైన సినిమాలో గోడ మీది క్యాలెండరులోనో, ఉత్తరం మీదనో తేదీ కనిపిస్తే రాసిపెట్టుకోవడం మంచిది, ఏదో ఒకనాడు అది ఎవరో ఒకరి పుట్టినరోజు అవుతుంది.

ఎంచుకున్నాక ఒక పరీక్ష పెట్టాలి. సినిమా చూడనివారికి కూడా ఆ ముక్క అర్థమవుతుందా, చూసినవారికి అది మరేమి గుర్తుచేస్తుంది? మొదటి ప్రశ్నకు ‘మాయాబజార్’ (1957) మంచి ఉదాహరణ: ఘటోత్కచుడి వేషంలో ఎస్వీ రంగారావు విందుశాలలో ఒంటరిగా కూర్చుని, లడ్డూలు వాటంతటవే ఎగిరివచ్చి నోట్లో పడుతుంటే ఆరగించే ఘట్టానికి ముందు కథ ఏమిటో చెప్పనక్కరలేదు. రెండో ప్రశ్నను నేను ఒకసారి మరచిపోయాను. మిత్రుడొకరి పుట్టినరోజుకు, ఇద్దరు స్నేహితులు వానలో స్కూటరు మీద పాడుకుంటూ పోయే సన్నివేశాన్ని ఎంతో ముచ్చటపడి పంపాను. సాయంత్రం ఆయన దగ్గరనుంచి ఒకే ఒక్క వాక్యం వచ్చింది: “ఇందులో వెనక కూర్చున్నవాడు ఇంటర్వెల్ తరువాత చచ్చిపోతాడు కదా, ఆ సీటు నాదేనా?” నవ్వుతూనే అడిగారు గాని, అప్పటినుంచి సినిమా మొత్తం మరోసారి గుర్తుచేసుకోకుండా ఏ ముక్కనూ పంపడం లేదు.

ఇక కత్తిరించడం. నిడివి నిమిషం దాటకుండా చూసుకోవాలి; మరీ తప్పదనుకుంటే తొంభై సెకన్లు. ఎక్కడ మొదలుపెట్టాలన్నది నిడివి కన్నా ముఖ్యం. ఒక సన్నివేశంలో తలుపు చప్పుడవుతుంది, పెద్దావిడ కళ్లద్దాలు సవరించుకుంటుంది, గొళ్లెం తీస్తుంది, “వచ్చావా” అంటుంది. తొందరపడి “వచ్చావా” దగ్గర మొదలుపెడితే మాట వినబడుతుంది గాని, ఆవిడ ఎదురుచూపు మొత్తం ఎగిరిపోతుంది. కళ్లద్దాల దగ్గర మొదలుపెడితే మహా అయితే నాలుగు సెకన్లు పెరుగుతాయి; ఆ నాలుగు సెకన్ల కోసమే ఈ శ్రమంతా. ముగించేటప్పుడు నవ్వునో మౌనాన్నో పూర్తిగా అయిపోనిచ్చి, తరువాతి సన్నివేశపు శబ్దం చొరబడకముందే ఆపాలి. చాలా సినిమాల్లో బొమ్మ మారడానికి ముందే తరువాతి చోటి చప్పుడు, అంటే రైలు కూతో సంగీతమో, వినబడటం మొదలవుతుంది కాబట్టి చివరి రెండు సెకన్లను ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విని తీరాలి. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు, అంటే విడి బొమ్మలు, ఉంటాయి గనుక కంటి అంచనాతో ఆపితే వేరే ముఖమొకటి తళుక్కుమని మాయమవుతుంది. కంప్యూటరులో యూట్యూబు వీడియోను ఆపి ఉంచి కామా, ఫుల్‌స్టాప్ మీటలు నొక్కితే ఒక్కొక్క ఫ్రేమే వెనక్కీ ముందుకీ జరుగుతుంది, దానితో సరైన చోటు గుర్తుపట్టవచ్చు.

ఫోను తెరకు సరిపోవాలని అడ్డంగా ఉన్న బొమ్మను నిలువుగా కోయకూడదు. ఇద్దరు మాట్లాడుకునే సన్నివేశంలో ఒకరు ఈ చివర, ఒకరు ఆ చివర ఉంటారు; నిలువుగా కోస్తే మధ్యలోని కుర్చీ మాత్రం మిగులుతుంది. పైనా కిందా నల్లని పట్టీలుంటే ఉండనివ్వండి. అందుకునేవారికి ఆ భాష రాకపోయినా, చెవి సరిగా వినబడకపోయినా సబ్‌టైటిళ్లున్న ప్రతినే ఎంచుకోవాలి.

వీలున్నంతవరకు ఫైలుకు బదులు లింకు పంపడమే నయం. నిర్మాణ సంస్థల అధికారిక ఛానళ్లలో పేరొందిన సన్నివేశాలు చాలావరకు ఉంటాయి. యూట్యూబులో కావలసిన చోట ఆపి, షేర్ నొక్కి, ఎక్కడ మొదలవ్వాలో చూపే గడిని ఎంచుకుంటే లింకు చివర సెకన్ల అంకె చేరి, వీడియో సరిగ్గా అక్కడే తెరుచుకుంటుంది. ఎక్కడ ఆపాలో మాత్రం లింకు చెప్పదు కాబట్టి “రెండు నిమిషాల పది సెకన్ల వరకు చూడు” అని రాయాలి. ఓటీటీ యాప్‌ల నుంచి తెరను రికార్డు చేయబోతే తరచుగా నల్లని బొమ్మే వస్తుంది, అది ఫోను తప్పు కాదు, నకలు తీయకుండా పెట్టిన రక్షణ. సొంతంగా కత్తిరించిన ముక్కను అందరికీ కనిపించేలా యూట్యూబులో పెడితే, 2007 నుంచి పనిచేస్తున్న కంటెంట్ ఐడీ అనే యూట్యూబు తనిఖీ వ్యవస్థ దాన్ని హక్కుదారుల సినిమాతో పోల్చి పట్టుకుంటుంది; పుట్టినరోజు నాటి ఉదయానికి వీడియో కనిపించకుండా పోయినా ఆశ్చర్యం లేదు. ఇంట్లో తీసుకున్న వీడియోను సన్నివేశానికి జతచేసి ఫైలుగానే పంపదలిస్తే, వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియో నాణ్యత తగ్గుతుంది గనుక డాక్యుమెంటుగా జతచేయాలి.

సన్నివేశంతోపాటు ఒక వాక్యమైనా సొంతంగా రాయాలి, అది లేకపోతే ఎవరో పంపినదాన్ని మనం తోసేసినట్లుంటుంది. “ఈ పాత్రను చూస్తే నువ్వే గుర్తొస్తావు” అనడం కన్నా “పరీక్ష ముందురోజు రాత్రి మనం దీన్ని మూడుసార్లు చూశాం, నువ్వు మూడుసార్లూ ఇదే చోట ఏడ్చావు” అనడం మంచిది. కుటుంబ బృందంలో పెడితే ఆ వాక్యం అందరి ముందూ చదవదగినదై ఉండాలి, లేకపోతే విడిగా పంపాలి. అర్ధరాత్రి పన్నెండుకు మేలుకుని పంపవలసిన పని లేదు; టెలిగ్రాములోనూ జీమెయిల్‌లోనూ ముందుగానే సమయం పెట్టి ఉంచవచ్చు. వేరే దేశంలో ఉన్నవారికైతే అక్కడి ఉదయాన్ని లెక్కవేసి ఆ సమయం పెట్టాలి.

పంపినవాటిని ఒక పుస్తకంలో రాసుకోవడం నా అలవాటు: ఎవరికి, ఏ ఏడాది, ఏ సినిమా, ఎన్నో నిమిషం, ఏం జవాబు వచ్చింది. స్కూటరు సన్నివేశం ఎదురుగా ఇప్పటికీ “ఆ సీటు నాదేనా” అనే ఉంది. మరుసటి ఏడాది ఆ మిత్రునికి అదే సినిమాలోంచి, వెనక కూర్చున్నవాడు బండి నేర్చుకుంటూ ముందువాణ్ణి బురదలో పడేసే ముక్క పంపాను.