జియు-జిట్సు పాఠం 7: పట్టు దొరికాక ఊరికే ఉంటే

పోయిన పాఠంలో క్లోజ్డ్ గార్డ్‌లో, అంటే వెల్లకిలా పడుకుని ఎదుటివాడి నడుము చుట్టూ కాళ్లు బిగించిన స్థితిలో, వాడి పోస్చర్ (వెన్ను నిటారుగా ఉంచే తీరు) విరిచి, తల కిందికి లాగి పట్టుకోవడం చూశాం. అది నేర్చుకుని బెంగళూరు టోర్నమెంట్‌కి వెళ్లొచ్చిన మన అనంతపురం పిల్లలు కొందరు ఒకటే అడుగుతున్నారు: "అన్నా, నేను పట్టు వదల్లేదు, వాడు ఏమీ చేయలేకపోయాడు, మరి పెనాల్టీ నాకెందుకు?" వాడు ఏమీ చేయలేకపోయాడు సరే, మీరేం చేశారు? ఆర్మ్‌బార్ (మోచేయిని వెనక్కి వంచే పట్టు) వచ్చే వారం. ముందు ఇది తేలాలి.

ఐబీజేజేఎఫ్ (అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు-జిట్సు సమాఖ్య) నియమాల ప్రకారం పొజిషన్ మెరుగుపరుచుకోవడానికి ప్రయత్నించకపోయినా తప్పే, ఎదుటివాణ్ణి ప్రయత్నించనివ్వకుండా కట్టిపడేసినా తప్పే. దీన్నే స్టాలింగ్ అంటారు. తల కావిలించుకుని కాళ్లు బిగించి పడుకుంటే రెండూ మీ ఖాతాలోనే పడతాయి. రెఫరీ వరుసగా 20 సెకన్లు చూసి పెనాల్టీ వేస్తాడు. మొదటిది బోర్డు మీద గుర్తుగా ఉంటుంది, రెండోదానికి ఎదుటివాడికి అడ్వాంటేజ్ (పాయింట్లు సమానమైతే చూసే మొగ్గు), మూడోదానికి వాడికి రెండు పాయింట్లు, నాలుగోదానికి మీరు డిస్‌క్వాలిఫై. ఎదుటివాడి గీ (జియు-జిట్సు దుస్తులు) స్లీవ్ అంచు లోపల వేళ్లు దూర్చి పట్టుకుంటే పడే పెనాల్టీ కూడా ఇదే లెక్కలో కలుస్తుంది.

ఒక లెక్క చూడండి. టేక్‌డౌన్‌తో (ఎదుటివాణ్ణి కింద పడేసి) మీరు 2-0 మీదున్నారు, ఇక చాలనుకుని పట్టుకుని కూర్చున్నారు. మూడో పెనాల్టీకి స్కోరు 2-2. రెండో పెనాల్టీ ఇచ్చిన అడ్వాంటేజ్ వాడి దగ్గరే ఉంది కాబట్టి టైమ్ అయిపోతే గెలుపు వాడిదే, వాడు ఒక్క టెక్నిక్ వేయకుండానే. వైట్ బెల్ట్ (మొదటి స్థాయి) పెద్దల మ్యాచ్ ఐదు నిమిషాలే. నాలుగుసార్లు 20 సెకన్లు ఆగితే, అంటే నిమిషం 20 సెకన్లకే మ్యాచ్ పోతుంది. "మొదటిదే కదా, ఏం కాదులే" అనుకోవద్దు, పాయింట్లు, అడ్వాంటేజ్‌లు సమానమైతే తర్వాత చూసేది పెనాల్టీలే.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించే సంగతి. 18వ సెకనుకి కాలర్ వదిలి మళ్లీ అదే కాలర్ పట్టుకోవడం, నడుము ఒకసారి కదిపి మళ్లీ పడుకోవడం. దీన్ని ట్రిక్ అని ఒకరికొకరు నేర్పుకుంటున్నారు. కబడ్డీలో బాక్ లైన్ దాటకుండా ఎంతసేపు గెంతినా రెయిడ్ అవుతుందా? రెఫరీ చూసేది కదలికను కాదు, ఆ కదలిక ఎక్కడికి పోతుందన్నది. సిజర్ స్వీప్‌కి (కాళ్లను కత్తెరలా వాడి పైవాణ్ణి తిప్పేయడానికి) మోకాలు అడ్డంగా పెట్టి లాగారంటే, అది ఫెయిలైనా ప్రయత్నమే. కిమురాకి (చెయ్యి మెలితిప్పి భుజాన్ని లాక్ చేసే పట్టుకి) మణికట్టు పట్టి నడుము పక్కకు జరిపినా ప్రయత్నమే. కాలర్‌లో రెండో చెయ్యి లోతుగా దింపినా అంతే. హిప్ బంప్ (లేచి నడుముతో గుద్ది పైవాణ్ణి పడేయడం) అయితే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, నేను ఎక్కువగా వాడేది అదే, ఎందుకంటే వాడు చెయ్యి నేలకు ఆనిస్తే కిమురా అక్కడే దొరుకుతుంది.

ఇంకొందరు స్టాలింగ్ భయంతో సైడ్ కంట్రోల్ (పక్కనుంచి ఛాతీ మీద అదిమిపెట్టే స్థితి) కింద పడి కాళ్లూ చేతులూ విసిరేస్తున్నారు. వద్దు. మౌంట్ (పైన ఎక్కి కూర్చోవడం), బ్యాక్ (వీపు వెనక నుంచి పట్టు), సైడ్ కంట్రోల్, నార్త్-సౌత్ (తలవైపు నుంచి అదిమిపెట్టడం) కింద దాడిని కాచుకుంటున్నవాడికి స్టాలింగ్ పడదు. మోచేతులు దగ్గర పెట్టుకుని నిదానంగా ఫ్రేమ్ కట్టండి (చేతులు అడ్డుపెట్టి చోటు చేసుకోండి), అక్కడ ముందుకు కదలాల్సిన బాధ్యత పైవాడిది. మౌంట్‌లోనో బ్యాక్ మీదో ఉన్నవాడికి దాడి చేస్తున్నట్టు కనిపించినంతవరకే మినహాయింపు, సైడ్ కంట్రోల్‌లో పైవాడికి అది కూడా లేదు.

ఏడీసీసీ (గీ లేకుండా ఆడే మరో పెద్ద టోర్నమెంట్) పద్ధతి వేరు, అక్కడ పాయింట్లు లెక్కించే సమయంలో మీరే కింద పడుకుని ఎదుటివాణ్ణి గార్డ్‌లోకి లాగినా మైనస్ పాయింట్. ఫీజు కట్టేముందు ఏ నియమాలో అడగండి.

ప్రాక్టీస్: ముగ్గురు కావాలి. క్లోజ్డ్ గార్డ్‌లో కింద మీరు, 2-0 ఆధిక్యం మీది, పైవాడి పని పోస్చర్ కాపాడుకోవడమే. మూడోవాడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి పైకి లెక్కపెడతాడు, నిజమైన ప్రయత్నం కనబడితేనే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాడు. 20 వినబడిందా, ఐదు నిమిషాలూ మొదటినుంచి. ఇలా 20 వినబడకుండా వరుసగా మూడు రౌండ్లు పూర్తి చేయండి. ఈ ఎండల్లో గీ వేసుకుని మధ్యాహ్నం చేయకండి, పొద్దున ఏడులోపు ముగించండి.